ఏడు మీటర్ల ర్యాంపు: ఊరి భవనాల్లో చల్లదనం, చక్కదనం, అందరికీ చోటు

పంచాయతీ ఆఫీసు కావచ్చు, బడి కావచ్చు, రైతు వేదిక కావచ్చు. ఈమధ్య కట్టిన సర్కారు భవనాల్లో చాలావాటికి మెట్ల పక్కన ర్యాంపు కనిపిస్తుంది. అది ఎక్కడానికి పనికొస్తుందా లేదా అన్నది టేపు పట్టి కొలిస్తే గానీ తేలదు. బేస్‌మెంట్ నేల మీంచి రెండడుగులు, అంటే 60 సెంటీమీటర్లు లేచి ఉంటే, ఒకటికి పన్నెండు వాలు (అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు) లెక్కన ర్యాంపు 7.2 మీటర్లు, దాదాపు 24 అడుగులు రావాలి. చాలాచోట్ల అది ఆరేడు అడుగుల్లోనే ముగుస్తుంది. ఒకటికి పన్నెండు అంటే ఐదు డిగ్రీలకు లోపు వాలు. ఆరేడు అడుగుల్లో రెండడుగులు ఎక్కిస్తే 16 నుంచి 18 డిగ్రీలు. చక్రాల కుర్చీని వెనక నుంచి ఇద్దరు తోసినా దాని మీద ఎక్కడం కష్టం, దిగడం ప్రమాదం. నిజం చెప్పాలంటే రాత్రిపూట మోటారు సైకిలు లోపల పెట్టుకోవడానికి తప్ప అది దేనికీ పనికిరాదు.

ఇది మేస్త్రి తప్పు కాదు. ఎస్టిమేట్‌లో ‘ర్యాంపు – 1’ అని ఒక్క ముక్క రాసి ఉంటుంది. పొడవు లేదు, వాలు లేదు, పట్టుకునే కడ్డీ ఊసే లేదు. భవనం పూర్తయ్యాక ముందు ఎంత జాగా మిగిలితే అంతలోనే ర్యాంపు పోస్తారు. నల్గొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాల్లో ప్రజాధనంతో లేచే చాలా కట్టడాల్లో ఉన్న రోగం ఇదే. ఎండకు తట్టుకోవడం, కంటికి ఇంపుగా ఉండడం, అందరికీ అందుబాటులో ఉండడం అనే మూడింటినీ స్లాబు పడ్డాక గుర్తు తెచ్చుకుంటారు. అప్పటికి వాటికి జాగా ఉండదు, డబ్బూ ఉండదు.

ఈ మూడూ ఒకేచోట చూడాలన్న ఆలోచన ఇప్పుడు ప్రభుత్వ విధానాల్లోకి వస్తోంది. యూరోపియన్ యూనియన్ 2020 సెప్టెంబరులో ‘న్యూ యూరోపియన్ బౌహౌస్’ పేరుతో ఒక కార్యక్రమం ప్రకటించింది. కట్టడం సుస్థిరంగా, అందంగా, అందరినీ కలుపుకొనేదిగా ఉండాలన్నది దాని సూత్రం. ఇలాంటి పనులకు 2021 నుంచి బహుమతులూ ఇస్తున్నారు. అక్కడి లెక్కలు మనకు అతకవు. వాళ్ల బాధ ఎక్కువగా చలి, ఇల్లు వెచ్చగా ఉంచుకునే ఖర్చు. మన బాధ మే నెల ఎండ. అయితే మూడు గుణాలను మూడు వేర్వేరు పథకాల కింద కాక ఒకే గోడలో, ఒకే కప్పులో వెతకాలన్న మాట మాత్రం పట్టుకోదగ్గది. మన దగ్గర రంగులకు ఒక పద్దు, మొక్కలకు ఒక పద్దు, వికలాంగుల వసతికి ఇంకో పద్దు. ఒకదాని మొహం ఒకటి చూడవు.

2022 మార్చిలో వనపర్తిలో మొదలైన ‘మన ఊరు – మన బడి’నే తీసుకోండి. నీళ్లతో కూడిన మరుగుదొడ్లు, కరెంటు, తాగునీరు, ఫర్నిచర్, రంగులు, మరమ్మతులు, ప్రహరీ, వంటగది, భోజనశాల ఇలా 12 అంశాలు పెట్టుకున్నారు. మంచి జాబితానే. కానీ బడంతటికీ రంగు వేయడం అందులో ఒక అంశమైంది, ర్యాంపు గానీ పడమటి గోడకు నీడ గానీ విడిగా అంశం కాలేదు. జాబితాలో లేని పనిని ఎస్టిమేట్‌లోకి తేవాలంటే అడిగేవాళ్లు ఉండాలి.

నల్గొండలో ర్యాంపు ఎవరికి

ర్యాంపు అనగానే ఊరికి ఒకరో ఇద్దరో ఉండే చక్రాల కుర్చీ మనిషి గుర్తొస్తాడు. నల్గొండ జిల్లాలో ఆ లెక్క సరిపోదు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు తరాల తరబడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ తాగిన ఊళ్లున్నాయి. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అని పేరొచ్చిందంటే ఆ బాధ ఎంతటిదో తెలుస్తుంది. తాగునీటి పథకం మిషన్ భగీరథ పైలాన్‌ను 2015లో చౌటుప్పల్‌లో నిలబెట్టడానికీ ఆ నేపథ్యమే. కృష్ణా నీళ్లు వచ్చాక పిల్లలకు ఆ గండం తగ్గింది గానీ, అప్పటికే ఎముకలు బిగుసుకున్నవాళ్లకు నీళ్లు మారినంత మాత్రాన నడుము లేవదు. మోకాలు వంగనివాళ్లు, మెడ తిరగనివాళ్లు, గొంతుకూర్చోలేనివాళ్లు పింఛను కోసం, రేషను కోసం, ఓటు కోసం ఈ భవనాలకే రావాలి. వాళ్లలో చాలామందికి చక్రాల కుర్చీ ఉండదు. వాళ్లకు ర్యాంపు కంటే ముందు కావాల్సింది రెండు వైపులా పట్టుకునే కడ్డీ, తక్కువ ఎత్తు మెట్టు, కుర్చీలా కూర్చునే దొడ్డి (మరుగుదొడ్డి).

కొలతలు కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. ర్యాంపు వెడల్పు కనీసం 1.2 మీటర్లు. కింద, పైన ఒకటిన్నర మీటరు చదునైన జాగా. అది లేకపోతే తలుపు తెరిచేలోపు కుర్చీ వెనక్కి జారుతుంది. కడ్డీలు రెండు ఎత్తుల్లో, 76 సెంటీమీటర్ల దగ్గర ఒకటి, 90 దగ్గర ఒకటి. పిడికిట్లో ఇమిడేలా 40 మిల్లీమీటర్ల గుండ్రటి పైపు చాలు. చతురస్రపు పైపు చూడ్డానికి బాగుంటుంది గానీ వంకర వేళ్లకు పట్టు దొరకదు. చక్రం అంచు దాటి పడకుండా పక్కన 7 నుంచి 10 సెంటీమీటర్ల గట్టు. పైన పరిచే బండ విషయంలో ఒక జాగ్రత్త ఉంది. పాలిష్ చేసిన తాండూరు బండ వాన పడితే సబ్బు రాసినట్టు జారుతుంది. గరుకు బండ గానీ, చీపురుతో గీతలు పెట్టిన కాంక్రీటు గానీ వాడాలి.

ఇన్నీ చేసి కూడా గుమ్మం దగ్గర ఓడిపోయే భవనాలున్నాయి. మన ఇళ్లలో కడపకు పసుపు రాస్తాం, బొట్టు పెడతాం, దాన్ని తొక్కొద్దంటాం. ఇంటికి అది శోభే. పంచాయతీ ఆఫీసు గుమ్మానికి రెండంగుళాల కడప ఉంటే మాత్రం ర్యాంపు మీద పెట్టిన ఖర్చంతా అక్కడ ఆగిపోతుంది. 12 మిల్లీమీటర్లు దాటిన ఏ ఎత్తూ కుర్చీ ముందుండే చిన్న చక్రాన్ని ఆపేస్తుంది. తలుపు తెరిచాక మిగిలే దారి 90 సెంటీమీటర్లు ఉండాలి. దర్వాజ చట్రం కొలత కాదు, తలుపు మందం పోగా మిగిలేది.

చట్టం వైపు నుంచి చూస్తే ఇదేమీ దయతో చేసే పని కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం నిబంధనలు పాటించని ప్లానుకు అనుమతి ఇవ్వకూడదు, పూర్తయినట్టు సర్టిఫికెట్టూ ఇవ్వకూడదు. అప్పటికే ఉన్న ప్రజా భవనాలను సరిచేయడానికి నిబంధనలు వచ్చినప్పటి నుంచి ఐదేళ్లు గడువిచ్చారు. నిబంధనలు 2017లో వచ్చాయి, గడువు 2022లోనే పోయింది. అమలు ఎలా ఉందో చూడమని సుప్రీంకోర్టు అప్పగించింది మన శామీర్‌పేటలోని నల్సార్ విశ్వవిద్యాలయపు వికలాంగుల అధ్యయన కేంద్రానికే. ఆ నివేదిక చూశాక 2024 నవంబరులో కోర్టు, ప్రమాణాలను కేవలం సలహాలుగా వదిలేసిన నిబంధన చెల్లదనీ, తప్పనిసరిగా పాటించాల్సినవేవో విడిగా తేల్చి చెప్పాలనీ ఆదేశించింది.

సూర్యుడు ఎటు నుంచి కొడతాడు

చల్లదనం మాటెత్తితే అందరూ చెట్టూ ఫ్యానూ అంటారు. ముందు చూడాల్సింది భవనం ఏ దిక్కుకు నిలబడిందన్నది. నల్గొండ 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, పాలమూరు దానికి కాస్త కింద. మే మొదటి పది రోజుల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, ఆగస్టు మొదటి వారంలో మళ్లీ వస్తాడు. అంటే ఎండాకాలంలో ఎక్కువ దెబ్బ తినేది కప్పు. తర్వాత పడమటి గోడ. ఉత్తర దక్షిణ గోడలకు చిన్న సజ్జ ఉంటే చాలు.

ఇక్కడే చిక్కు. వాస్తు ప్రకారమో, రోడ్డును బట్టో భవనం తూర్పు ముఖంగా కడతారు. వరసగా నాలుగు తరగతి గదులు తూర్పుకు తెరుచుకుంటే, వాటి వెనక గోడ మొత్తం, కిటికీలతో సహా, పడమటికి నిలబడుతుంది. మే నెలలో సాయంత్రం నాలుగింటికి ఇక్కడ సూర్యుడు నేల మీంచి దాదాపు 35 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఆ ఎండకు 60 సెంటీమీటర్ల సజ్జ కిందికి ఇచ్చే నీడ 42 సెంటీమీటర్లే. నాలుగడుగుల కిటికీలో మూడింట రెండు వంతులు ఎండలోనే ఉంటుంది. సజ్జను ఇంకో అడుగు పొడిగించినా దాదాపు సగం కిటికీ ఎండలోనే ఉంటుంది. పడమటి ఎండను ఆపేది పైనుంచి వచ్చే సజ్జ కాదు, ఎదురుగా నిలబడే అడ్డు. వరండా కావచ్చు, జాలీ గోడ కావచ్చు, చెట్టు కావచ్చు.

తూర్పు గుమ్మం కావాలంటే భవనాన్ని తూర్పు పడమరలుగా పొడవుగా పరిచి, తూర్పు కొసన తలుపు పెట్టొచ్చు. వాస్తూ చెడదు, గదులూ మాడవు. కాగితం మీద గీత మార్చడమే, పైసా అదనం లేదు. అయితే రాష్ట్రమంతటికీ ఒకే నమూనా ప్లాను వచ్చినప్పుడు దాన్ని తిప్పి పెట్టొచ్చా అని అడిగేవాళ్లు తక్కువ. రైతు వేదికల సంగతి అలాంటిదే. 2,601 వేదికలు, ఒక్కోదానికి 22 లక్షలు. వ్యవసాయ శాఖ 12 లక్షలు, ఉపాధి హామీ నుంచి 10 లక్షలు. నిధులు కలపడంలో అది మంచి ప్రయోగమే. కానీ ఆదిలాబాద్ అడవి అంచుకూ అలంపూర్ నల్లరేగడికీ ఒకే బొమ్మ సరిపోదు.

కట్టేసిన భవనాన్ని తిప్పలేం కాబట్టి మిగిలేది కప్పు. తెలంగాణ 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. సర్కారు భవనాలకు, వాణిజ్య భవనాలకు, 600 గజాలు, ఆపైన జాగాలో కట్టే ఇళ్లకు ఎండను వెనక్కి కొట్టే కప్పు తప్పనిసరి అంది. ఐదేళ్లలో 300 చదరపు కిలోమీటర్లు లక్ష్యం. అందులో 200 హైదరాబాద్‌కే, మిగతా రాష్ట్రమంతటికీ 100. ఇంధన పొదుపు నియమావళి చెప్పే కొలత ప్రకారం చదును కప్పు మీద పడ్డ ఎండలో కనీసం 60 శాతం వెనక్కి పోవాలి. మామూలు సిమెంటు స్లాబు పాతబడి నల్లబడితే అందులో సగం కూడా కొట్టదు.

ఖరీదైన రంగు లేకపోయినా సున్నంతో మొదలుపెట్టొచ్చు. కిలో రాతి సున్నానికి 5 లీటర్ల నీళ్లు పోసి చల్లారనిచ్చి, ఒక రోజంతా నాననిచ్చి, గుడ్డలో వడకట్టాలి. పది లీటర్ల సున్నపు పాలకు 40 గ్రాముల బంక వేడినీళ్లలో కరిగించి కలపాలి. గోడలకైతే కాస్త నీలిమందు కలుపుతారు. కప్పుకు వద్దు, తెలుపు తగ్గితే పని తగ్గుతుంది. మూడు పూతలు, ఒకటి ఆరాక ఇంకొకటి. సున్నం ఉడుకుతున్నప్పుడు కళ్లలో చిమ్మితే చూపు పోయే ప్రమాదం ఉంది. బడిలో ఈ పని పిల్లలు లేనప్పుడే చేయాలి. వానకు ఈ పూత పలచబడుతుంది కనుక ఏటా ఫిబ్రవరిలో మళ్లీ వేయాలి. ఆక్రిలిక్ పూత ఖరీదెక్కువ, కొన్నేళ్లు ఆగుతుంది. తెల్ల టైలు ముక్కల పరుపు అన్నిటికంటే మన్నుతుంది. భోజనశాల రేకులకు సున్నం పట్టదు, తెల్ల పెయింటే వేయాలి. అక్కడ ఫలితం వెంటనే తెలుస్తుంది, రేకు పలచన కాబట్టి ఎండ నేరుగా దిగుతుంది.

పూత ఎందుకు పెచ్చులూడుతుందంటే, చాలాసార్లు దుమ్ము మీద పూస్తారు కాబట్టి. లేదా కారుతున్న స్లాబు మీద పూస్తారు కాబట్టి. ముందు నీళ్ల గొట్టాలు మూసి కప్పు మీద అంగుళం నీళ్లు రెండు రోజులు నిలబెట్టి, కింద తడి ఎక్కడ దిగిందో సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. పగుళ్లు పూడ్చాకే తెలుపు. ఆ తర్వాత గొట్టం నోట్లో వేపాకు పేరుకుంటే నీళ్లు నిలిచి పాచి పడుతుంది, తెలుపు నలుపవుతుంది. ఏడాదికి రెండుసార్లు కప్పు ఊడ్చే మనిషి లేకపోతే కూల్ రూఫ్ కాగితం మీదే.

ఇందిరమ్మ ఇళ్లకు ఇది ఇంకా అవసరం. 400 నుంచి 600 చదరపు అడుగులు, 5 లక్షలు, నాలుగు విడతలు. ఆ డబ్బులో స్లాబు పడేసరికి ఊపిరి ఆగుతుంది. కాంక్రీటు పగలంతా ఎండ తాగి, చీకటి పడ్డాక లోపలికి వదులుతుంది. బడి సాయంత్రానికి మూసేస్తారు కాబట్టి ఆ వేడి ఖాళీ గదికి పోతుంది. ఇంట్లో మాత్రం సరిగ్గా పడుకునే వేళకు దిగుతుంది. పాలమూరు, గద్వాల వైపు పాత మట్టి మిద్దెల్లో దూలాల మీద చవుడు మట్టి మందంగా పరిచేవాళ్లు, అందుకే అవి చల్లగా ఉండేవి. ఆ బరువును ఇప్పటి నాలుగంగుళాల స్లాబు మోయలేదు, ఏటేటా మట్టి తొక్కించే ఓపికా ఎవరికీ లేదు. అందుకని మిద్దెను పొగిడి లాభం లేదు, తెల్ల కప్పు వేయడమే నయం.

అందం రంగు డబ్బాలో లేదు

బడి గోడలకు రైలు పెట్టె బొమ్మ వేయడం ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి అంటుకుంది. పిల్లలకు సంబరమే. అయితే తడి ఎక్కుతున్న గోడకు ఎనామిల్ రంగు వేస్తే తడి బయటకు పోయే దారి మూసుకుపోతుంది. రెండు వానలకు రైలు అడుగు భాగం బుడగలు లేచి రాలుతుంది. గోడ అడుగున తడి ఆపకుండా పైన రంగు మార్చడం, జ్వరం మనిషికి కొత్త చొక్కా తొడిగినట్టు.

ఈ ప్రాంతానికి తనదైన చక్కదనం రాయిలో ఉంది. నల్గొండ రాతి కడీలు పొలాల హద్దులకే పోతున్నాయి. అవే వరండా స్తంభాలుగా నిలబెడితే ప్లాస్టరు అక్కర్లేదు, రంగు అక్కర్లేదు, చెదలు పట్టవు. వరండా అంచున అడుగున్నర ఎత్తు బండ అరుగు వేస్తే వంగలేని ముసలామె కూర్చుంటుంది, పింఛను వరసలో నిలబడే అవస్థ తప్పుతుంది, ఆ వరండా పడమట ఉంటే గోడకు నీడా పడుతుంది. అందం, నీడ, అందుబాటు మూడూ ఒకే పనిలో తీరాయి. దామరచర్ల దగ్గరి యాదాద్రి థర్మల్ కేంద్రం బూడిదతో చేసే ఇటుకలూ ఈ జిల్లాకు దగ్గర సరుకే. బొగ్గు కేంద్రానికి 300 కిలోమీటర్ల లోపు కట్టడాలు బూడిద సరుకు వాడాలని 2021 డిసెంబరు కేంద్ర ఉత్తర్వు చెబుతోంది. కానీ సరిగ్గా నీళ్లు తాగి గట్టిపడని ఇటుక లారీ దిగేటప్పుడే మూలలు రాలుస్తుంది. చేతిలో రెండు తీసుకుని ఒకదానితో ఒకటి కొడితే ఖంగుమనాలి.

పాతదాన్ని నిలబెట్టుకోవడంలోనూ ఈ వైపు అనుభవం ఉంది. వనపర్తి సంస్థానం ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ నడుస్తోంది, గద్వాల కోటలో డిగ్రీ కళాశాల. పోచంపల్లిని 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో చేర్చింది. అక్కడ చూడ్డానికి వచ్చేవాళ్లు వచ్చేది కొత్త కమాను కోసం కాదు, మగ్గం నడిచే ఇంటి కోసం.

ఎక్కడ కడుతున్నారన్నది

కొలతలన్నీ సరిగ్గా ఉన్నా భవనం తప్పుచోట ఉంటే అందరిదీ కాదు. రచ్చకట్టను మన ఉమ్మడి జాగాగా తలుచుకుంటాం. దాని మీద అందరూ కూర్చోలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. సర్కారు జాగా దొరికిందని ఊరి బయట కిలోమీటరు దూరాన కట్టిన హాలుకు బండి ఉన్నవాడే పోగలడు. ఊరికీ వాడకూ నడుమ, బస్సు ఆగేచోటికి దగ్గరగా, రాత్రి దీపం ఉండే దారి మీద పది గుంటలు దొరికితే, ఊరవతల ఎకరం కంటే అదే మేలు. కులానికో కమ్యూనిటీ భవనం మంజూరు చేయించుకోవడం ఇంకో పద్ధతి. ఏడాదిలో పది రోజులు తెరిచే నాలుగు హాళ్ల కంటే, రోజూ తెరిచే ఒక్క హాలుకు మంచి దొడ్డి, మంచి కప్పు వేయించడం చవక. ఇది చెప్పినంత తేలిక కాదు, ఓట్ల లెక్క దీనికి అడ్డం.

పైసలూ కాగితాలూ

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018 ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి, పంచాయతీ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పోవాలి, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి. ఆ మొక్కలు రోడ్డు పక్కనే నాటాలని ఎక్కడా లేదు. బడి పడమటి గోడకు నాలుగు మీటర్ల దూరంలో కానుగ, వేప నాటితే ఐదారేళ్లలో సజ్జ చేయలేని పని చేస్తాయి. 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికీ ముడిపెట్టింది. అలాంటి ముడి ఉన్న పైసలు వాన నీటి తొట్టికీ మరుగుదొడ్డికీ సరిగ్గా సరిపోతాయి. ర్యాంపు, కప్పు మాత్రం ముడి లేని వాటాలోంచి రావాలి. వంద చదరపు మీటర్ల కప్పు మీద 20 మిల్లీమీటర్ల వాన పడితే, పోయింది పోగా 1,600 లీటర్లు దొరుకుతాయి. మొదటి వంద రెండొందల లీటర్లు కప్పు మీది దుమ్ముతో వస్తాయి కాబట్టి బయటకు వదిలేయాలి. తాగడానికి భగీరథ నీళ్లుంటాయి. దొడ్డికీ చెట్టుకూ ఇవి చాలు.

ఎస్టిమేట్ దశలోనే అడగాల్సినవి ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) దగ్గరికి రాతపూర్వకంగా పోవాలి: బేస్‌మెంట్ ఎత్తును పన్నెండుతో హెచ్చవేసి వచ్చిన ర్యాంపు పొడవు, రెండు వైపులా కడ్డీ మీటర్ల లెక్కన, కప్పుకు తెల్ల పూత చదరపు మీటర్ల లెక్కన, పడమటి వైపు వరండా, దొడ్డిలో 45 నుంచి 48 సెంటీమీటర్ల ఎత్తు కమోడు, గోడకు కడ్డీలు, బయటకు తెరుచుకునే తలుపు. అంకెతో రాసిన పనికే ఎంబీలో (కొలతల పుస్తకంలో) కొలత పడుతుంది, కొలత పడ్డదానికే బిల్లు వస్తుంది. బేస్‌మెంట్ ఎత్తే తగ్గించగలిగితే ఇంకా మంచిది. ముంపు లేని మెరక మీద ఒకటిన్నర అడుగు చాలు, ర్యాంపు 24 అడుగుల నుంచి 18కి దిగుతుంది.

చివరి బిల్లు మీద సంతకం పడేముందు టేపు, బకెట్ నీళ్లు, ఊళ్లో కర్రతో నడిచే ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని భవనం చుట్టి రావాలి. టేపు ర్యాంపుకు, నీళ్లు కప్పుకూ దొడ్డికీ. పెద్దమనిషి గేటు దగ్గర మొదలుపెట్టి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దొడ్డిదాకా పోగలగాలి. అక్కడ తాళం వేసి ఉంటే, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో, ఆ మనిషి ఊళ్లో లేనిరోజు ఎవరిస్తారో తేలాకే సంతకం పెట్టాలి.